కొత్త హైవే ఇంటర్‌చేంజ్ ప్లాన్ చేయడం ఎలా: గీత గీయకముందే జనం మాట, నేల లెక్క

నాలుగు దారులు ఒకే మట్టంలో కలిసే మామూలు కూడలిలో వాహనాల దారులు ఒకదానికొకటి తగిలే చోట్లు 32. వాటిలో ప్రాణాలు తీసేవి ఎక్కువగా అడ్డంగా దాటే చోట్లే. ఒక రోడ్డును ఇంకో రోడ్డు మీదుగా పంపి, తిరగాల్సిన బళ్లను ర్యాంపుల మీదికి మళ్లించి, హైవే మీద ఆ అడ్డం లేకుండా చేయడమే ఇంటర్‌చేంజ్ పని. ఆ పనికి హెక్టార్ల కొద్దీ భూమి, లక్ష ఘనపు మీటర్లకు చేరగల మట్టి కావాలి. ఒకసారి కట్టాక తరాల పాటు కదలదు. అందుకే కట్టే ముందు పెట్టే శ్రమే అసలు శ్రమ.

ఇలాంటి పథకాలు ఆగిపోయేది ఇంజినీరింగ్ చేతకాక కాదు. ముందు ఆకారం గీస్తారు, తర్వాత భూమి గుర్తిస్తారు, ఆ తర్వాత సభ పెడతారు, చివర్లో అప్పటికే గీసిన గీతను సమర్థించడానికి పర్యావరణ నివేదిక రాయిస్తారు. ఆ వరుస తిరగేస్తే చాలా గొడవలు పుట్టవు. కింద చెప్పేది ఆ తిరగేసిన వరుసే. ఇంజినీర్లకు, సలహా సంస్థల్లో పనిచేసేవాళ్లకు, స్థానిక సంస్థల ప్రతినిధులకు, ప్రభావం పడే ఊళ్లలో కాగితాలు చదివి ప్రశ్నించాలనుకునేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. నియమాలు దేశానికో రకంగా ఉంటాయి, పని మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే.

1. అవసరాన్ని ‘ఇంటర్‌చేంజ్’ అన్న మాట లేకుండా రాయండి

మొదటి కాగితం ఒక పేరా మించకూడదు. ‘ఇక్కడ ఇంటర్‌చేంజ్ కావాలి’ అని రాస్తే అది అవసరం కాదు, ముందే తేల్చేసిన జవాబు. ‘ఉదయం రద్దీ గంటలో పడమర నుంచి వచ్చి ఉత్తరానికి తిరిగే వాహనాల వరుస హైవే లేన్‌లోకి పాకుతోంది, వెనక నుంచి గుద్దే ప్రమాదాలు అక్కడే జరుగుతున్నాయి, అంబులెన్సుకు వేరే దారి లేదు’ అని రాస్తే అది అవసరం. ఈ పేరా మీదే తర్వాతి పనంతా నిలబడుతుంది. ఏ ప్రత్యామ్నాయం నెగ్గిందో, ఏది ఓడిందో దీనితోనే కొలుస్తారు.

రాశాక, చిన్న మందుతో జబ్బు తగ్గుతుందేమో చూడండి. సిగ్నల్ సమయాలు సరిచేయడం, తిరిగేవాళ్లకు విడి లేన్, రౌండబౌట్, డివైడర్‌లో ఒక ఖాళీ మూసేయడం, ర్యాంపులు లేకుండా ఒట్టి వంతెన. చాలా చోట్ల ఊరి రోడ్డు హైవేను దాటితే చాలు, దాని మీదికి ఎక్కాల్సిన అవసరం ఉండదు. అలాంటి చోట ర్యాంపులు పెట్టి భూమి తినడం అనవసరం.

పక్క ఇంటర్‌చేంజ్ ఎంత దూరంలో ఉందో ఇప్పుడే కొలవండి. పట్టణాల్లో సుమారు 1.6 కిలోమీటర్లు, బయట 3.2 కిలోమీటర్లు కనీస దూరమని అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. అంతకన్నా దగ్గరైతే, ఇక్కడ ఎక్కినవాళ్లూ అక్కడ దిగాల్సినవాళ్లూ ఒకరి దారిలోకి ఒకరు చొరబడాలి. ఆ పెనుగులాటలో హైవే మొత్తం నెమ్మదిస్తుంది.

2. ట్రాఫిక్ లెక్కించండి, నిలిచిపోయినదాన్ని కూడా

వారం రోజుల పాటు, రోజుకు 24 గంటలు, వాహన రకం వారీగా లెక్క తీయండి. కూడలిలో ఎవరు ఎటు తిరుగుతున్నారో 15 నిమిషాల ముక్కలుగా రాయండి. సెలవులు, ఎన్నికలు, పక్క రోడ్డు మూసిన రోజులు ఎంచుకోవద్దు. పంట తరలింపు వంటి రద్దీ కాలం ఉంటే దాన్ని విడిగా లెక్కించండి. నడిచేవాళ్లు, సైకిళ్లు, బస్సు కోసం నిలబడేవాళ్లు కూడా లెక్కలోకి రావాలి. మోటారు వాహనాలే లెక్కిస్తే డిజైన్ కూడా మోటారు వాహనాలకే వస్తుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ఇప్పటికే జామ్ అవుతున్న కూడలిలో లెక్కించేవాడికి కనిపించేది దాటిన బళ్లు మాత్రమే, దాటాలనుకుని వెనక ఆగినవి కాదు. గంటకు 900 దాటాయంటే కోరిక 900 అని కాదు. సిగ్నల్ అంతే వదిలిందని అర్థం. వరుస చివర నిలబడి, చేరుతున్న బళ్లను విడిగా లెక్కించాలి.

ఏ గంటకు సరిపడా కట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఏడాదిలోని 8,760 గంటలను రద్దీ క్రమంలో పేర్చి, 30వ గంటను డిజైన్ గంటగా తీసుకోవడం పాత ఆనవాయితీ. అన్నిటికన్నా పెద్ద గంటకు కడితే ఏడాదంతా ఖాళీగా పడి ఉండేదానికి డబ్బు పోసినట్టు.

20 ఏళ్ల ముందుచూపులో పెరుగుదల రేటు మీద కన్నేసి ఉంచండి. ఏడాదికి 5 శాతం అంటే 20 ఏళ్లకు 2.65 రెట్లు. 7 శాతం అంటే 3.87 రెట్లు. రెండు శాతం తేడాతో ట్రాఫిక్ అంచనా దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అందుకని ఒకే అంకె ఇవ్వకుండా తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు అంచనాలు వేసి, తక్కువ అంచనాలో కూడా ఆ ర్యాంపు కావాలా అని చూడండి. కొత్త రోడ్డే కొత్త ప్రయాణాలను పుట్టిస్తుందని కూడా కలుపుకోవాలి. అమెరికా నగరాల మీద 2011లో వచ్చిన ఒక ఆర్థిక అధ్యయనం, హైవే లేన్లు ఎంత పెరిగితే నడిచే వాహన కిలోమీటర్లు కూడా దాదాపు అంతే పెరుగుతున్నాయని చూపింది. ‘కట్టాక రద్దీ ఉండదు’ అని సభలో మాట ఇవ్వకండి.

ప్రమాదాల వివరాలు కనీసం మూడేళ్లవి, వీలైతే ఐదేళ్లవి తెచ్చి, ఒక్కొక్కటి ఏ దిశలో ఎలా తగిలిందో కూడలి బొమ్మ మీద బాణాలతో గీయండి. చిన్న గాయాలవి చాలా వరకు పోలీసు రికార్డుకెక్కవు. దగ్గర్లోని ఆసుపత్రి లెక్కతో పోల్చి చూడండి.

3. ఆకారాల జోలికి పోకుండా నేలను చదవండి

ఎక్కువ సమయం తినే పని ఇదే, అందుకే మొదట మొదలుపెట్టాలి. పక్షులు గూళ్లు కట్టే కాలం వేరు, కప్పలు నీటికి చేరే కాలం వేరు, బావుల్లో నీరు పైకొచ్చే కాలం వేరు. ఎండాకాలంలో ఒక్క వారం తిరిగి రాసిన నివేదికలో వాగు ‘ఎండిన పల్లం’గా నమోదవుతుంది. అలాంటి చోట వేసిన కల్వర్టే మొదటి పెద్ద వానకు చాలకుండా పోతుంది. అన్ని కాలాలూ చూడాలంటే ఏడాది పడుతుంది. ట్రాఫిక్ లెక్కతో పాటే దీన్నీ మొదలుపెడితే ఆలస్యం ఉండదు.

ఒక పటం తయారు చేయండి. దాని మీద వాగులు, వరద నిలిచే పల్లాలు, బావులు, చెట్ల గుంపులు, బడి, ఆసుపత్రి, సమాధులు, ప్రార్థనా స్థలాలు, పాత కట్టడాలు, హైటెన్షన్ లైన్లు, గ్యాస్, నీటి పైపులు అన్నీ ఉండాలి. ముట్టుకోకూడనివి ఎరుపు, కష్టమైనా తప్పించుకోగలిగేవి పసుపు. ఇళ్ల దగ్గర 24 గంటల శబ్దం కొలిచి పెట్టుకోండి. తర్వాత ‘అప్పుడు ఎంతుండేది’ అని అడిగితే చూపించడానికి ఇంకో దారి ఉండదు.

నేల బలం కూడా ఇప్పుడే తెలియాలి. 7.5 మీటర్ల ఎత్తు మట్టి కట్ట కింది నేల మీద చదరపు మీటరుకు సుమారు 15 టన్నుల బరువు మోపుతుంది. మెత్తటి బంకమట్టి మీద అది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. పైల్స్, అంటే గట్టి నేల దాకా లోతుగా దించిన స్తంభాల మీద నిలిచిన వంతెన మాత్రం అలా కుంగదు. వంతెన మొదట్లో చక్రం ఎగిరిపడే ఆ మెట్టు అలా పుట్టిందే. అలాంటి నేల అయితే ముందే అదనపు మట్టి పోసి, నిలువు డ్రెయిన్లతో నీరు పిండి, కుంగనిచ్చి తర్వాత కట్టాలి. లేదా కట్ట తగ్గించి వంతెన పొడవు పెంచాలి. ఈ సంగతి కాంట్రాక్టు ఇచ్చాక తెలిస్తే ఖర్చూ గడువూ రెండూ తలకిందులవుతాయి.

4. మొదటి సభ ఖాళీ పటంతో పెట్టండి

ఐరోపాలో 1998 నాటి ఆర్హస్ ఒప్పందం ఒక సూత్రం పెట్టింది: అన్ని దారులూ తెరిచి ఉన్నప్పుడే ప్రజల పాత్ర మొదలవ్వాలి. ఆ ఒప్పందం వర్తించని చోట కూడా ఇది పాటించదగ్గదే. భారత్‌లో 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఉండాలి. కానీ అది ముసాయిదా నివేదిక తయారయ్యాక జరిగే సభ. చట్టం అడిగినా అడక్కపోయినా, దానికి చాలా ముందే ఒక సభ పెట్టుకోండి. మీ పథకానికి చట్టప్రకారం ఏ స్థాయి పరిశీలన కావాలో కూడా ఈ దశలోనే అనుమతి సంస్థ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఒంటరి ఇంటర్‌చేంజ్‌కు ఒక నియమం, పొడవాటి హైవేలో భాగంగా కట్టేదానికి ఇంకో నియమం ఉండొచ్చు. పెద్ద పథకాన్ని చిన్న ముక్కలు చేసి పరిశీలన తప్పించుకోవాలని చూస్తే ఆ ఎత్తుగడ కోర్టులో నిలవకపోవచ్చు, జనం నమ్మకం కూడా పోతుంది.

పటం గోడంత పెద్దదిగా ఉండాలి. సర్వే నంబర్లతో పాటు జనం వాడే గుర్తులు, అంటే చెట్టు, ట్యాంకు, బస్టాపు, మిల్లు కూడా వేయండి. ఇంజినీరింగ్ డ్రాయింగు పెట్టకండి. అందులో తన ఇల్లెక్కడుందో తెలియనివాళ్లు మాట్లాడరు, ఆ మౌనాన్ని మీరు అంగీకారం అనుకుంటారు. వచ్చినవాళ్ల చేతికి రంగు స్టిక్కర్లిచ్చి నాలుగే ప్రశ్నలు అడగండి: రోజూ ఎక్కడ దాటుతారు? ఎక్కడ భయం వేస్తుంది? వానాకాలంలో నీళ్లు ఎక్కడి దాకా వస్తాయి? ఏది పోతే మళ్లీ రాదు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు నీటి లెక్కలకు నేరుగా పనికొస్తాయి. గోడ మీద పాత వరద గుర్తు చూపించే మనిషి దగ్గరున్నంత సమాచారం చాలా చోట్ల ఏ రికార్డులోనూ ఉండదు.

పనిదినాన మధ్యాహ్నం సభ పెడితే కూలికి వెళ్లేవాళ్లు, దుకాణదారులు, చిన్నపిల్లల తల్లులు రాలేరు. సాయంత్రం ఒకటి, సెలవు రోజు ఒకటి పెట్టండి. ఆడవాళ్లతో, కౌలు రైతులతో, రోడ్డు పక్క చిన్న వ్యాపారులతో విడిగా కూర్చోండి. భూమి పేరున లేనివాళ్లు పెద్ద సభలో నోరు విప్పరు, నష్టపరిహారం జాబితాలో కూడా మొదట జారిపోయేది వాళ్లే. లారీ డ్రైవర్లు, అంబులెన్సు, అగ్నిమాపక, బస్సు సంస్థ సిబ్బంది సభకు రారు. వాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి.

5. ఆకారాలు గీయండి, ప్రతి గీతకూ ధర కట్టండి

ఇప్పుడు గీయొచ్చు. ఏమీ కట్టకపోవడం, ఉన్నదాన్నే బాగుచేయడం, ఆపై కనీసం రెండు మూడు నిజమైన ఆకారాలు. ఓడించడానికే పెట్టిన బొమ్మ ప్రత్యామ్నాయాన్ని జనం ఇట్టే పసిగడతారు.

మూడు దారులు కలిసే చోట బూర ఆకారపు ట్రంపెట్ సరిపోతుంది. నాలుగు దారుల దగ్గర మామూలుగా తక్కువ భూమి తినేది డైమండ్, అంటే నాలుగు మూలలా ఒక్కో ర్యాంపుతో వజ్రంలా కనిపించేది. హైవే మీద ఆగనక్కర్లేదు, అడ్డరోడ్డు మీద మాత్రం రెండు సిగ్నళ్లో రౌండబౌట్లో ఉంటాయి. ఆ సిగ్నళ్ల దగ్గర తిరిగేవాళ్లే ఎక్కువైతే, వంతెన మీద వాహనాలను కాసేపు ఎదురు వైపుకు మార్చి నడిపే డైవర్జింగ్ డైమండ్ చూడొచ్చు. అమెరికాలో మొదటిది 2009లో మిస్సోరీ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తెరిచారు. రెండు పెద్ద హైవేలు కలిసేచోట సిగ్నల్ ఉండకూడదు కాబట్టి నేరు ర్యాంపులో, లూపులో (గుండ్రంగా చుట్టి తిరిగే ర్యాంపులు) కావాలి. నేరు ర్యాంపులు పెరిగితే వంతెనలూ పెరుగుతాయి.

నాలుగు మూలలా నాలుగు లూపులు ఆకుల్లా ఉండే క్లోవర్‌లీఫ్ బొమ్మలో అందంగా ఉంటుంది, అందుకే అందరికీ అదే నచ్చుతుంది. అమెరికాలో 1916లోనే దానికి పేటెంట్ వచ్చింది, న్యూజెర్సీలోని వుడ్‌బ్రిడ్జ్‌లో 1929లో కట్టారు. దాని బలహీనత ఆకుల మధ్యే ఉంది. ఒక లూప్ నుంచి హైవే ఎక్కేవాళ్లు, వెంటనే వచ్చే రెండో లూప్‌లోకి దిగేవాళ్లు ఒకే చిన్న ముక్కలో దారులు మార్చుకోవాలి. అలా మారే వాహనాలు గంటకు సుమారు 1000 దాటితే వేగం కూలిపోతుంది. అందుకే చాలా చోట్ల ఎదురెదురు మూలల్లో రెండు లూపులే ఉంచే సగం క్లోవర్‌లీఫ్ మంచిది. అయితే అందులో దిగే ర్యాంపు, ఎక్కే ర్యాంపు అడ్డరోడ్డు మీద పక్కపక్కనే వచ్చే అవకాశం ఉంది. రాత్రిపూట తెలియక దిగే ర్యాంపులోకి ఎదురు దిశలో దూరిపోతారు. రెండిటి మధ్య ఎత్తైన డివైడర్, తప్పుదారి హెచ్చరిక బోర్డులు డిజైన్‌లోనే ఉండాలి.

లూప్‌కు ఎంత భూమి పోతుందో ఎవరైనా కాగితం మీద లెక్కేయొచ్చు. వంపు వ్యాసార్థం = వేగం వర్గం ÷ [127 × (రోడ్డు అడ్డవాలు + రాపిడి)]. గంటకు 40 కిలోమీటర్ల వేగానికి, 7 శాతం వాలు, 0.15 రాపిడితో ఇది 57 మీటర్లు. ఆ వృత్తం లోపల చిక్కే నేల ఒక హెక్టారు. వేగాన్ని 50కి పెంచితే వ్యాసార్థం 89 మీటర్లు, లోపలి నేల రెండున్నర హెక్టార్లు. పది కిలోమీటర్ల వేగం కోసం ఒక్కో లూప్‌కు ఒకటిన్నర హెక్టారు అదనంగా పోతోందన్నమాట. ‘ఇంకొంచెం విశాలంగా కట్టొచ్చు కదా’ అని ఎవరన్నా అంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. అలాగే 40కి లూప్ కట్టి ముందు హెచ్చరిక పెట్టకపోతే, హైవే వేగంతో వచ్చిన బరువు లారీ అక్కడే పక్కకు పడుతుంది.

ఎక్కేవాళ్లకు వేగం అందుకునే లేన్ కూడా లెక్కలోకి రావాలి. ప్రతి సెకనుకూ తన వేగాన్ని సెకనుకు ఒక మీటరు చొప్పున పెంచుకునే కారు 40 నుంచి 100కి చేరడానికి సుమారు 325 మీటర్లు కావాలి. నిండు లారీకి అది ఏ మూలకూ చాలదు. భూమి మిగుల్చుకోవడానికి ఈ లేన్ కోస్తే తర్వాత ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి.

*పైకి వెళ్లేది ఎవరు?*

ఊరి బతుకును అన్నిటికన్నా ఎక్కువ మార్చే నిర్ణయం ఇదే, సభల్లో మాత్రం దీన్ని దాదాపు ఎవరూ అడగరు. కింద 5.5 మీటర్ల ఖాళీ వదిలి, గర్డరు (వంతెన దూలం), తారు మందం కలుపుకుంటే రోడ్డు 7.5 మీటర్లు లేవాలి. 3 శాతం వాలుతో అది 250 మీటర్లు, పైనా కిందా వంపులు కలిపితే ఒక్కో వైపు 350 దాటుతుంది. 12 మీటర్ల వెడల్పు రోడ్డుకు, ఒకటికి రెండు వాలుతో (ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్లు పక్కకు) పోసిన కట్ట, అత్యంత ఎత్తున్న చోట నేల మీద 42 మీటర్లు ఆక్రమిస్తుంది. అక్కడ ఒక్క మీటరు పొడవుకు 200 ఘనపు మీటర్ల పైన మట్టి పడుతుంది.

అడ్డరోడ్డును పైకి లేపితే డ్రైవర్లకు మేలు. హైవే దిగేవాళ్లు ఎత్తు ఎక్కుతూ వేగం తగ్గించుకుంటారు, ఎక్కేవాళ్లు పల్లంలోకి దిగుతూ వేగం అందుకుంటారు. కానీ నడిచేవాళ్లు, సైకిలు తొక్కేవాళ్లు, బండి తోసేవాళ్లు ఆ ఎత్తు ఎక్కిదిగాలి. హైవేను పైకి లేపితే ఊరి రోడ్డు, బస్టాపు, బడిదారి నేల మీదే ఉంటాయి. దానికి బదులు శబ్దం ఎత్తు నుంచి దూరం పాకుతుంది, కట్ట ఊరికి అడ్డుగోడలా నిలుస్తుంది. కట్టకు బదులు స్తంభాల మీద వంతెన పొడిగిస్తే అడ్డుగోడ ఉండదు, ఖర్చు పెరుగుతుంది. రోజూ దాటేవాళ్ల సంఖ్య పెద్దదైతే హైవేనే పైకి వెళ్లాలని గట్టిగా చెప్పొచ్చు. రోజుకు రెండుసార్లు బడికి నడిచే పిల్లలకు 700 మీటర్ల ఎక్కుదిగుడు ఇచ్చి, కారుకు పది సెకన్లు మిగల్చడం సరైన లెక్క కాదు.

అండర్‌పాస్ కడితే మురుగు దాని అడుగు నుంచి వాలుతో బయటికి పారే చోటు ఉందో లేదో ముందు చూడండి. పంపు మీద ఆధారపడితే, వాన పడ్డప్పుడే కరెంటు పోతుంది. రెండున్నర మీటర్ల చీకటి పెట్టె కడితే ఆడవాళ్లు అందులోంచి నడవరు, గడ్డి మోపు వేసుకున్న ట్రాక్టరు పట్టదు. జనం మళ్లీ డివైడర్ దూకుతారు.

6. ప్రభావాలను అంకెల్లో పెట్టండి

శబ్దం: ట్రాఫిక్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. రోడ్డు నుంచి దూరం రెట్టింపైతే తగ్గేది కూడా, గట్టి నేల మీద, సుమారు 3. వినేవాడికి సగమైనట్టు అనిపించాలంటే 10 తగ్గాలి. వాహనాలు కంటికి కనిపించకుండా అడ్డుకునేంత ఎత్తు గోడ సుమారు 5 తగ్గిస్తుంది. ఆ గోడలో ఒక ఇంటి వాకిలి కోసం ఖాళీ వదిలితే ఫలితం చాలా వరకు పోతుంది. ‘చెట్లు నాటుతాం, శబ్దం తగ్గుతుంది’ అనే హామీ చాలా నివేదికల్లో ఉంటుంది. రెండు వరుసల చెట్లు కంటికి హాయిగా ఉంటాయి తప్ప శబ్దాన్ని ఆపవు. అందుకు దట్టంగా ముప్పై మీటర్ల లోతు వనం కావాలి.

నీరు: ఆరు హెక్టార్ల పచ్చిక నేల రోడ్డుగా మారిందనుకోండి. గంటకు 50 మిల్లీమీటర్ల వానలో అంతకుముందు సెకనుకు పావు ఘనపు మీటరు పారేది, ఇప్పుడు ముప్పావు. ఆ వాన గంటసేపు కురిస్తే అదనంగా 1800 ఘనపు మీటర్ల నీరు ఎవరో ఒకరి పొలంలోకి చేరుతుంది. లూప్ లోపలి నేలను నీరు నిలిపే గుంటగా తవ్వితే అది నెమ్మదిగా బయటికి వెళుతుంది, తొలివానకు కొట్టుకొచ్చే నూనె, టైరు పొడి అక్కడే దిగుతాయి. కట్ట కింద కల్వర్టులు వాగు ఉన్నచోటే కాక, వరదలో పొలాల మీదుగా పలచగా పారే చోట్ల కూడా పెట్టాలి. లేకపోతే కట్ట ఆనకట్ట అవుతుంది.

జంతువులు: కంచె లేని దాటుదారిని జంతువులు వాడవు, దాటుదారి లేని కంచె వాటి అడవిని రెండుగా నరుకుతుంది. రెండూ కలిసే ఉండాలి. కెనడాలోని బాన్ఫ్ జాతీయ వనంలో రెండూ కలిపి కట్టాక వన్యప్రాణులను వాహనాలు గుద్దడం 80 శాతానికి పైగా తగ్గింది. మన దగ్గర పెంచ్ పులుల అడవి గుండా వెళ్లే 44వ జాతీయ రహదారి కింద కట్టిన అండర్‌పాస్‌లను పులులు కూడా వాడుతున్నట్టు కెమెరాలకు చిక్కింది. లూప్ లోపల పండ్ల చెట్లు మాత్రం నాటకండి. పక్షులను, కోతులను రోడ్డు మీదికి పిలిచినట్టవుతుంది.

ఇవన్నీ నేరు ప్రభావాలు. ఇంటర్‌చేంజ్ వచ్చాక దాని చుట్టూ మొలిచే గోదాములు, పెట్రోలు బంకులు, లేఅవుట్లు రెండో రకం ప్రభావం, చాలాసార్లు మొదటిదాన్ని మించేది. అడ్డరోడ్డు మీద ర్యాంపు చివర నుంచి కనీసం 100 మీటర్లు, వీలైతే అంతకు రెండింతలు, ఏ గేటూ తెరవకుండా ఇప్పుడే హక్కులు కొనేయండి. తర్వాత కొనలేరు. ర్యాంపులు కోసి మిగిల్చిన ముక్కలు సాగుకు పనికిరాకపోతే వాటినీ పోయిన భూమిగానే లెక్కించాలి.

7. రెండో సభ నేల మీద జరపండి

ఇప్పుడు చూపించడానికి మీ దగ్గర ఆకారాలు, అంకెలు ఉన్నాయి. సభకు వారం ముందు, ప్రతి ప్రత్యామ్నాయం అంచునూ పొలాల్లో వేర్వేరు రంగు జెండాలతో గుర్తుపెట్టించండి. వంతెన ఎంత ఎత్తున వస్తుందో వెదురు గడలు పాతి, సరిగ్గా ఆ ఎత్తులో ఎర్రగుడ్డ కట్టండి. పటంలో 7.5 అన్న అంకె ఎవరినీ కదిలించదు. తన మేడ కిటికీ మట్టంలో ఎర్రగుడ్డ చూసిన మనిషి అడగాల్సిన ప్రశ్నలు అడుగుతాడు. అవి ఇప్పుడే రావడం మంచిది.

వచ్చిన ప్రతి మాటకూ ఒక నంబరు ఇవ్వండి, నోటితో చెప్పినదానికి కూడా. జవాబుల పట్టికలో మూడు రకాల సమాధానాలే ఉండాలి: ఒప్పుకున్నాం, డిజైన్‌లో ఫలానా మార్పు చేశాం; ఒప్పుకోలేదు, కారణం ఇది; మా పరిధి కాదు, ఫలానా శాఖకు ఫలానా తేదీన పంపాం. ‘పరిశీలిస్తాం’ అన్నది జవాబు కాదు. ఒకే ఉత్తరం మీద మూడువందల సంతకాలొస్తే అది మూడువందల ఓట్లు కాదు, ఒక అంశం. అలాగే ఒక్కడే చెప్పిన మాట కూడా ఒక అంశమే. బావి ఎండిపోతుందని ఒకే రైతు అన్నా, భూగర్భ జలాల నిపుణుడు వెళ్లి చూడాల్సిందే. పట్టికను మాట్లాడినవాళ్లందరికీ వాళ్ల భాషలో పంపండి.

8. నిర్ణయం కారణాలతో సహా, నిర్ణయం రోజే రాయండి

అమెరికాలోని మెంఫిస్‌లో ఓవర్టన్ పార్కు గుండా హైవే వేయాలని ప్రభుత్వం ఒప్పుకున్నప్పుడు, వేరే దారి ఎందుకు కుదరదో కాగితం మీద పెట్టలేదు. 1971లో సుప్రీంకోర్టు, తర్వాత కోర్టు కోసం తయారు చేసిన వివరణలు చాలవని, నిర్ణయం తీసుకున్నప్పుడు అధికారి ముందున్న రికార్డునే చూడాలని చెప్పి కేసు వెనక్కి పంపింది. ఆ పార్కు గుండా హైవే ఎప్పటికీ పడలేదు.

నిర్ణయ పత్రంలో ఎంచుకున్న ఆకారం, వదిలేసిన ప్రతిదాన్నీ ఏ అంకె చూసి వదిలేశారో, ఇచ్చిన హామీలు, ఒక్కోదానికి బాధ్యుడెవరో ఉండాలి. అన్నిటికీ మార్కులిచ్చి కూడితే వచ్చిన మొత్తాన్ని నమ్ముకోకండి. బరువులు కాస్త మారిస్తే గెలిచేవాడు మారతాడు. ఏ బరువు మారిస్తే ఫలితం మారుతుందో బాహాటంగా చూపించడమే నిజాయితీ.

9. హామీలను కాంట్రాక్టు పరిమాణాల పట్టికలోకి ఎక్కించండి

శబ్దం గోడ ఇన్ని మీటర్లు, గుంట ఇన్ని ఘనపు మీటర్లు, మొక్కలకు మూడేళ్లు నీళ్లు, దాటుదారికి కంచె ఇంత పొడవు అని వరుస, రేటు, మొత్తం ఉండాలి. నివేదికలో మాత్రమే ఉన్న హామీకి డబ్బు ఉండదు. డబ్బు లేని పని కాంట్రాక్టరు చేయడు, అతన్ని తప్పు పట్టడానికీ లేదు. మట్టి ఎక్కడ తవ్వాలో, తవ్విన గుంట తర్వాత ఏమవుతుందో, లారీలు ఏ ఊరి గుండా ఏ వేళల్లో తిరుగుతాయో కూడా ఒప్పందంలోనే రాయండి. కట్టేటప్పుడు బడిపిల్లలు, అంబులెన్సు దాటే దారిని ఒక్కరోజు కూడా మూయకూడదు. వర్షాకాలానికి ముందే కల్వర్టులు, మురుగు పనులు పూర్తికావాలి. కట్ట పోసి కల్వర్టు తర్వాత చూద్దామంటే మునిగేది పక్క పొలమే.

తెరిచిన ఏడాదికి, మళ్లీ మూడో ఏడాదికి అదే చోట్ల శబ్దం, నీరు, ట్రాఫిక్, ప్రమాదాలు కొలిచి, ముందు వేసిన అంచనాల పక్కన పెట్టి ప్రకటించండి. దానికి డబ్బు కూడా ఆ పట్టికలోనే ఉండాలి.

పని మధ్యలో పైపులైను అడ్డొచ్చో, భూమి దొరక్కో ర్యాంపు జరపాల్సి రావచ్చు. ముప్పై, నలభై మీటర్లే కదా అనుకోకండి. ఆ జరుపుడుతో పటంలో ఎరుపు వేసిన చోటుకు తగిలామా, కొత్త ఇంటికి శబ్దం పెరిగిందా, కల్వర్టు వాగు మీద నుంచి తప్పిపోయిందా అని ఈ మూడూ చూసి, ఒక్కటైనా అవునంటే అనుమతి సంస్థకు రాసి, ఆ పక్కవాళ్లను మళ్లీ పిలవండి. వాళ్లకు తెలియకుండా పని నడిపితే, ఆగేది పునాదులు తవ్వేశాక.